అత్యవసర సేవకు గౌరవ వేతనం: అంగన్‌వాడీలో మనిషి నిలిచినా పని ఎందుకు నిలవదు

2024 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీ సేవలను అత్యవసర సేవల నిర్వహణ చట్టం, అంటే అందరి నోటా ఎస్మాగా నలిగిన చట్టం, పరిధిలోకి తెచ్చి ఆరు నెలల పాటు సమ్మెను నిషేధించింది. కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబరు 12న మొదలుపెట్టిన సమ్మెకు అది 26వ రోజు. అంతకు ముందే కొన్నిచోట్ల కేంద్రాల తాళాలు పగలగొట్టించి, సచివాలయ సిబ్బంది చేత తెరిపించే ప్రయత్నమూ జరిగింది. జీతం మాట ఎత్తినప్పుడల్లా మీరు ఉద్యోగులు కారు, గౌరవ వేతనం మీద స్వచ్ఛందంగా సేవ చేస్తున్నవారు అని దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన వ్యవస్థే, ఆ స్త్రీలు పని ఆపేసరికి ఆ పని లేనిదే జనజీవనం సాగదని చట్టం సాక్షిగా ఒప్పుకుంది. సమ్మె 42 రోజులకు ముగిసింది గానీ ఈ వైరుధ్యం ముగియలేదు. పేద కుటుంబాల గడప దాకా వెళ్లే ఈ కార్యకర్తలను ఎంచుకోవడమూ నిలబెట్టుకోవడమూ ఇంత చిక్కు వ్యవహారం ఎందుకైందో తెలియాలంటే అక్కడినుంచే లెక్క విప్పుకుంటూ రావాలి.

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో మొదలైంది. పూరక పోషకాహారం, బడికి ముందు చదువు, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ మీద అవగాహన కల్పించడం అనే ఆరు సేవలను ఒకే గదిలోకి, దాదాపుగా ఒకే స్త్రీ చేతుల్లోకి తెచ్చిన పథకం అది. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో 55,607, తెలంగాణలో 35,700 కేంద్రాలు ఉన్నాయి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్తలది దీనికి తోబుట్టువు లాంటి ఏర్పాటు. సుమారు వెయ్యి జనాభాకు ఒకరు చొప్పున నియమించగా, ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య 42 వేలు దాటింది. డాక్టరుకూ నర్సుకూ బడిపంతులుకూ ఒకవైపు, పేదింటి గడపకు మరోవైపు నడుమ నిలబడే అంచె ఇది. ఈ అంచెలో పనిచేసే వారికి పట్టా అక్కర్లేదు, పరిచయం కావాలి. ఏ ఇంట్లో కోడలికి నెల తప్పింది, ఏ ఇంట్లో బిడ్డ రెండో పూట అన్నం తినడం లేదు, ఎవరి అత్తగారు గుడ్డు కోడలికి పెట్టకుండా కొడుకుకు పెడుతుంది అన్న విషయాలు ఏ పట్టా పుచ్చుకున్నవారికీ అందవు.

ఈ ఆలోచన మనదొక్కరిదే కాదు. అమెరికా వ్యవసాయ శాఖ 1969లో తక్కువ ఆదాయ కుటుంబాల కోసం జాతీయ స్థాయిలో ఒక పోషకాహార విద్యా కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, డిగ్రీలున్న గృహవిజ్ఞాన నిపుణులను కాక, ఆ పేటల్లోనే ఉండే స్త్రీలను తీసుకుని, కొద్దిపాటి శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపింది. ఇరుగుపొరుగు మనిషి మాట చెవికెక్కుతుందన్న నమ్మకమే అక్కడా ఇక్కడా పునాది. ఆ నమ్మకం సరైనదే. చిక్కు వచ్చేది, ఇరుగుపొరుగు మనిషి కదా అని ఆమె సమయానికి వెల కట్టడం మానేసినప్పుడు.

ముందుగా ఎంపిక సంగతి. అంగన్‌వాడీ కార్యకర్త పోస్టుకు మన దగ్గర చాలాకాలంగా అమల్లో ఉన్న షరతులు మూడు: ఆ ఊరి మనిషై ఉండాలి, పెళ్లై ఉండాలి, వయసు 21 నుంచి 35 మధ్య ఉండాలి. చదువు పదో తరగతి. 2022 నాటి కేంద్ర మార్గదర్శకాలు దాన్ని ఇంటర్మీడియట్‌కు పెంచాయి. పెళ్లి షరతు వినడానికి వింతగా ఉన్నా దాని వెనక ఒక గ్రామీణ తర్కం ఉంది. కూతురు పెళ్లై వెళ్లిపోతుంది, కోడలు ఉండిపోతుంది. కాబట్టి ఊరి కోడలినే తీసుకుంటే శిక్షణ వృథా పోదు. అంటే నిలుపుదల సమస్యను ప్రభుత్వం జీతంతో కాకుండా మూడు ముళ్లతో పరిష్కరించుకుందన్నమాట. పెళ్లి కాని స్త్రీని ఈ కారణంతో కాదనడం రాజ్యాంగానికి విరుద్ధమని 2023లో రాజస్థాన్ హైకోర్టు తేల్చింది. తీర్పు న్యాయమైనదే గానీ, ఆ షరతు తీసేసిన చోట ఆమెను ఊళ్లో నిలిపి ఉంచేదేమిటన్న ప్రశ్నకు మాత్రం జవాబు జీతమూ ఎదుగుదలా తప్ప మరొకటి ఉండదు.

ఎంపికలో పదో తరగతి మార్కులకు ఎక్కువ విలువ, వితంతువులకు, వికలాంగులకు కొంత మొగ్గు, ఆపైన ఒక మౌఖిక పరీక్ష ఉండటం మామూలు. మార్కుల జాబితాలో దూరలేని స్థానిక రాజకీయం ఆ మౌఖిక పరీక్ష సందులోంచి దూరుతుందని ఊళ్లల్లో ఎవరినడిగినా చెబుతారు. అయితే నా దృష్టిలో సిఫార్సు కంటే పెద్ద లోపం మరొకటి ఉంది. మొత్తం ఎంపికలో పిల్లల మధ్య గంటసేపు కూర్చోబెట్టి చూసే అంశం ఎక్కడా లేదు. రెండేళ్ల బిడ్డ ఏడుస్తుంటే ఈమె ఏం చేస్తుంది, మాట వినని అత్తగారితో ఎలా మాట్లాడుతుంది అన్నది పదో తరగతి లెక్కల మార్కుల్లో కనిపించదు. ఏజెన్సీ గూడేల్లో దీనికి భాష కూడా తోడవుతుంది. ఇంట్లో కోయ, సవర, గోండి మాట్లాడే బిడ్డకు తెలుగు మాత్రమే తెలిసిన టీచరు వస్తే, బడికి ముందు చదువు కాస్తా భాషకు ముందు మౌనం అవుతుంది. అక్కడ స్థానికత షరతు ఊరి పేరుతో ఆగకుండా నాలుక దాకా వెళ్లాలి.

ఇక ఖాళీల విషయం. 2025లో తెలంగాణ ప్రభుత్వం భర్తీ చేస్తామని ప్రకటించిన అంగన్‌వాడీ పోస్టులు 14,236. అందులో టీచర్లవి 6,399, ఆయాలవి 7,837. మొత్తం 35,700 కేంద్రాలకూ ఇద్దరేసి చొప్పున లెక్కవేస్తే దాదాపు ఐదో వంతు కుర్చీలు ఖాళీ అన్నమాట. టీచరు పోస్టు కంటే ఆయా పోస్టులు ఎక్కువ ఖాళీగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఆ సంగతి కూలి లెక్క చూస్తే తెలిసిపోతుంది.

2025 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. తెలంగాణలో టీచరుకు 13,650, ఆయాకు 7,800. నెలకు 26 పనిదినాలు వేసుకుంటే ఆంధ్రప్రదేశ్ ఆయాకు రోజుకు 269 రూపాయలు, తెలంగాణ ఆయాకు సరిగ్గా 300 పడతాయి. అదే 2025-26లో రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ పనికి ప్రకటించిన రోజు కూలి 307. అప్పటి చట్టంలో ఉపాధి పని ఏడాదికి వంద రోజులే, అదీ కొలతల మీద వచ్చే కూలి, నిజమే. అయినా సంవత్సరం పొడుగునా వంట వండి, గిన్నెలు తోమి, పిల్లల ముక్కు చీది, బాత్‌రూముకు తీసుకెళ్లే మనిషికి ప్రభుత్వమే ఇచ్చే రోజు కూలి, ఆ ప్రభుత్వమే మట్టిపనికి ప్రకటించిన కూలి కంటే తక్కువగా ఉందన్నది కాదనలేని లెక్క. ఈ డబ్బుకు ఆ పనికి ఎవరు వస్తారు? ఇంటి పక్కనే కాబట్టి, సగటు వ్యవసాయ కూలీలా ఎండలో కాదు కాబట్టి, ఎప్పటికైనా పర్మినెంట్ కాకపోతుందా అన్న ఆశ ఉంది కాబట్టి వస్తారు. ఈ మూడింటిలో ఏదీ లేనిచోట రారు. నగరాల్లో అందుకే కష్టం. పట్టణపు పేటల్లో ఇళ్ల పని, బట్టల దుకాణం, అపార్ట్‌మెంట్ హౌస్‌కీపింగ్ ఏది చూసుకున్నా ఏడెనిమిది వేల కంటే ఎక్కువే వస్తుంది. పైగా అద్దె పెరిగినప్పుడల్లా పేట మారే కుటుంబానికి స్థానికత అన్న మాటకే అర్థం ఉండదు. ఊరి కొలతలతో కుట్టిన చొక్కాను నగరానికి తొడిగితే భుజాల దగ్గరే చిరుగుతుంది.

ఈ జీతంలో ఎవరి వాటా ఎంతో కూడా తెలియాలి, ఎందుకంటే ఒకరి మీద ఒకరు నెట్టుకునే ఆట అంతా అక్కడే జరుగుతుంది. కేంద్రం 2018 అక్టోబరు నుంచి కార్యకర్త గౌరవ వేతనాన్ని 3,000 నుంచి 4,500కు, ఆయాది 1,500 నుంచి 2,250కి పెంచింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ అంకె కదలలేదు. ఆ 4,500లో కూడా కేంద్రం భరించేది 60 శాతమే, అంటే 2,700 రూపాయలు. మిగతాదంతా రాష్ట్రం పెట్టుకోవాలి. కాబట్టి ధరలు పెరిగినప్పుడల్లా కార్యకర్తలు రాష్ట్ర రాజధానిలో ధర్నా చేస్తారు. రాష్ట్రం ఇది కేంద్ర పథకం అంటుంది. ఢిల్లీ మీ రాష్ట్రం ఎంతైనా కలుపుకోవచ్చు అంటుంది. రాష్ట్రాలు కలిపేది కూడా ఎక్కువగా ఎన్నికల గాలిని బట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 4,200 ఉన్నది 7,000 కావడం, అది 10,500 కావడం, 2019 జులైలో 11,500 కావడం చూస్తే పెంపు ఏటేటా మెట్టు మెట్టుగా వచ్చింది కాదు, ఒక్కో కుదుపులో వచ్చింది. కుదుపుకూ కుదుపుకూ మధ్య ధరలు మాత్రం ఆగవు.

పెంపు వచ్చినప్పుడు ఇంకో తమాషా జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత సంక్షేమ పథకాల అర్హతకు పెట్టిన ఆదాయ పరిమితి గ్రామాల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000. గౌరవ వేతనం 11,500 కాబట్టి గ్రామంలోని కార్యకర్త ఆ గీతకు అవతలే ఉండిపోయింది. తన బడిలోని పిల్లల తల్లులకు అందే పథకాలు తనకు అందవు, ఎందుకంటే ఆమెకు సర్కారు జీతం ఉంది. సర్కారు ఉద్యోగికి అందే పింఛను, కరవు భత్యం, సెలవులు కూడా అందవు, ఎందుకంటే ఆమెది జీతం కాదు. 2023 సమ్మెలో సంక్షేమ పథకాల డిమాండ్ అంత గట్టిగా వినిపించడానికి కారణం ఇదే. పెంపుతో పాటు అంతకంటే విలువైన పథకం ఒకటి చేజారితే, దాన్ని పెంపు అనడం ఎంతవరకు సబబో లెక్కలు రానివారు కూడా చెప్పగలరు.

ఇన్ని ఉన్నా టీచర్లు మానేయడం లేదు. ఇక్కడే ఈ విషయం సాధారణ ఉద్యోగాల నిలుపుదల చర్చ నుంచి విడిపోతుంది. కంపెనీల్లో మనుషులు ఎంత త్వరగా వెళ్లిపోతున్నారన్నది సమస్య అయితే, అంగన్‌వాడీలో ముప్పై ఏళ్లు ఒకే గదిలో పనిచేసి రిటైరైనవారు ఊరికొకరు కనిపిస్తారు. కుర్చీ నిండే ఉంటుంది, మనిషి అక్కడే ఉంటుంది, జారిపోయేది ఆమె పని. ఆరు సేవలకని ఇచ్చిన సమయం ఆ ఆరింటికీ మిగలడం లేదు.

ఇటీవల ఒక జిల్లా కేంద్రం శివారులోని సెంటరులో ఒక పూట కూర్చున్నాను. టీచరమ్మకు యాభై ఏళ్లుంటాయి. ఆయమ్మ పోస్టు రెండేళ్లుగా ఖాళీ. తొమ్మిది దాటేసరికి పద్నాలుగు మంది పిల్లలు చాప మీద చేరారు. ఆమె వాళ్లకు పలకలిచ్చి, గోడ మీది బొమ్మల్లో ఏనుగును చూపించి, "ఇదేంటమ్మా?" అని అడిగి, జవాబు వచ్చేలోపే లోపలికి వెళ్లి కుక్కరు పెట్టి వచ్చింది. అంతలో ఒక ముసలమ్మ కోడలి సరుకుల కోసం వచ్చింది. సరుకు ఇవ్వాలంటే యాప్‌లో నమోదైన తల్లి ముఖమే ఫోనుకు చూపించాలి, అదీ ఊరికే చూపిస్తే చాలదు, కళ్లు ఆర్పాలి. కోడలు మిర్చి కోతకు పోయింది. "సాయంత్రం అమ్మాయినే రమ్మను అవ్వా, నీ ముఖం తీసుకోదు ఇది" అంటే ఆ ముసలమ్మ, "నా ముఖానికేమైందే?" అని నిలబడిపోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు గానీ సరుకు మాత్రం మూల ఉండిపోయింది.

ఆ తర్వాత బరువులు. దూలానికి వేలాడే కాటాలో కూర్చోబెట్టగానే ఏడాదిన్నర బిడ్డ కాళ్లు తన్నుకుని ఏడుపు అందుకుంది. ముల్లు ఊగుతూనే ఉంది. టీచరమ్మ దాన్ని చంకనేసుకుని కాసేపు తిప్పి, మళ్లీ కూర్చోబెట్టి, ముల్లు ఆగిన క్షణాన అంకె చూసి అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. ఫోనుకు సిగ్నలు అందితే తప్ప యాప్ తెరుచుకోదు. అందాక చెయ్యే రిజిస్టరు. పన్నెండింటికి అన్నం, పప్పు, గుడ్డు వడ్డించేనాటికి ఆ అంకెల్లో రెండు చెమటకు చెరిగిపోయాయి. ఏనుగు ప్రశ్నకు జవాబు తీసుకునే సమయం ఆ పూట మళ్లీ దొరకలేదు.

ఆమె బద్ధకస్థురాలు కాదు, ఆ గదిలో ముగ్గురు చేయాల్సిన పని ఒక్కరి మీద పడింది. 2012 తర్వాత ప్రామాణికంగా పెట్టిన రిజిస్టర్లే పదకొండు. 2021 మార్చి నుంచి కేంద్రం పోషణ్ ట్రాకర్ తెచ్చింది. రాష్ట్రాలు వాటి యాప్‌లు వాటివి పెట్టుకున్నాయి. యాప్ వస్తే కాగితం పోతుందనుకున్నారు, కాగితం పోలేదు, యాప్ చేరింది. సరుకు పక్కదారి పట్టకుండా ముఖ గుర్తింపు పెట్టడం వెనక ఉద్దేశం అర్థం చేసుకోదగినదే. కానీ గుడ్డు దొంగతనాన్ని పట్టుకోవడానికి వెచ్చించిన ఓపికలో పదో వంతు, గుడ్డు తినే పిల్లకు కథ చెప్పే సమయం ఉందా లేదా అని చూడటానికి వెచ్చించలేదు. దీనికి తోడు ఓటర్ల జాబితా, సర్వేలు, సభలకు జనాన్ని తీసుకురావడం వంటి పనులు. ఎవరి శాఖకు ఊళ్లో మనిషి కావాలన్నా మొదట గుర్తొచ్చేది అంగన్‌వాడీ టీచరే, ఎందుకంటే ఊరంతా తెలిసినది ఆమె ఒక్కతే. ఏ పరిచయం కోసం ఆమెను తీసుకున్నారో ఆ పరిచయమే ఆమె పని గంటలను తినేస్తోంది.

ఆ గంటలు తిరిగి ఇస్తే ఏమవుతుందో చూపించిన పరిశోధన ఒకటి మన పక్కనే జరిగింది. అర్థశాస్త్రవేత్తలు అలెహాండ్రో గనిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ తమిళనాడులోని అంగన్‌వాడీల్లో కొన్నింటికి, లాటరీ పద్ధతిన ఎంచి, సగం పూట పనిచేసే మరో స్త్రీని అదనంగా ఇచ్చారు. ఆమె పని బడికి ముందు చదువు ఒక్కటే. పిల్లలకు చదువు చెప్పే సమయం రెట్టింపైంది; లెక్కల్లోనూ భాషలోనూ పిల్లలు ముందుకు వెళ్లారు. అంతకంటే ఆసక్తికరమైనది రెండో ఫలితం. పాత కార్యకర్తకు పోషణ పనికి సమయం చిక్కడంతో, ఎత్తు ఎదగని పిల్లలు, తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లల నిష్పత్తి కూడా తగ్గింది. ఈ ఫలితాన్ని తలకిందులుగా చదివితే మన పరిస్థితి తెలుస్తుంది: ఆయా పోస్టు ఖాళీగా ఉన్న ప్రతి కేంద్రంలోనూ ఇదే ప్రయోగం వెనక్కి నడుస్తోంది.

ఆశాల దగ్గర సమయం సమస్య మరో రూపం తీసుకుంది. వారి ఏర్పాటే పనికి ఇంత అన్న పద్ధతి మీద కట్టారు. కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆరుసార్లు బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను చూసి, వివరాలు నింపితే 250 రూపాయలు. అంటే ఒక్కో అడుగుపెట్టడానికి 42 రూపాయలైనా పూర్తిగా రావు. పద్ధతిలో ఉన్న తిరకాసు అంకె కంటే లోతైనది. ధర ఉన్న పని కాగితం మీదికి ఎక్కుతుంది, ధర లేని పని గాలికి పోతుంది. అర్ధరాత్రి నొప్పులొచ్చిన మనిషితో ఆసుపత్రి బల్ల మీద తెల్లవార్లూ కూర్చోవడానికీ, కొట్టిన మగడి మీద ఎవరికి చెప్పాలో తెలియని ఇల్లాలి మాట వినడానికీ ధరల పట్టికలో గడి లేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆశాలకు నెలకు 10,000 నికరంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 మార్చిలో పదవీ విరమణ వయసును 60 నుంచి 62కు పెంచి, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల జీతంతో కూడిన సెలవు, గరిష్ఠంగా లక్షన్నర గ్రాట్యుటీ ప్రకటించింది. ఊళ్లో ఆడవాళ్ల ప్రసవాలన్నీ చూసే మనిషికి తన ప్రసవానికి జీతం సెలవు రావడానికి, పథకం పుట్టిన 2005 నుంచి లెక్కిస్తే ఇరవై ఏళ్లు పట్టింది.

ఎదుగుదల మాటకొస్తే, కాగితం మీద నిచ్చెన లేకపోలేదు. సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం ఐదేళ్ల అనుభవం ఉన్న కార్యకర్తలతో నింపాలి. కార్యకర్త పోస్టుల్లో సగం ఐదేళ్లు చేసిన, చదువు అర్హత ఉన్న ఆయాలతో నింపాలని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కానీ పాతిక ముప్పై సెంటర్లకు ఒక సూపర్‌వైజర్ ఉండే చోట, అందులో సగం పోస్టులంటే నిచ్చెన మొదటి మెట్టు మీదే ఒక్కో పోస్టుకు యాభై అరవై మంది నిలబడి ఉన్నట్టు లెక్క. ఆ ఖాళీల భర్తీకీ ఏళ్ల తరబడి పరీక్షలు ఉండవు. ఉన్నప్పుడు కోర్టు కేసులు ఉంటాయి.

ఎదుగుదల ఆశ చూపితే సేవాభావం లేనివాళ్లు, డబ్బు మనుషులు వస్తారన్న భయం ఒకటి పాలకుల్లో బలంగా ఉంది. ఈ భయాన్ని నేరుగా పరీక్షించిన దేశం జాంబియా. 2010లో అక్కడి ప్రభుత్వం కొత్తగా గ్రామీణ ఆరోగ్య సహాయకులను తీసుకుంటూ, కొన్ని జిల్లాల్లో ఊరికి సేవ చేయండి అన్న పోస్టర్లు, మిగతా జిల్లాల్లో ఈ ఉద్యోగంలో పైకి ఎదగవచ్చు అన్న పోస్టర్లు అంటించింది. జీతమూ పనీ రెండుచోట్లా ఒకటే. నవా అష్రఫ్, ఓరియానా బండియేరా, ఎడ్వర్డ్ డావెన్‌పోర్ట్, స్కాట్ లీ చేసిన ఆ అధ్యయనంలో, ఎదుగుదల పోస్టరు చూసి వచ్చినవారు 29 శాతం ఎక్కువ ఇళ్లు తిరిగారు; ఆ ప్రాంతాల్లో బరువు తక్కువ పిల్లల నిష్పత్తి కూడా తగ్గింది. వాళ్లు త్వరగా మానేసి వెళ్లిపోతారన్న అనుమానం నిజం కాలేదు. జాంబియా మన దేశం కాదు, అక్కడి పోస్టు పూర్తికాలపు ప్రభుత్వోద్యోగం కూడా. అయినా సేవాభావమూ స్వార్థమూ ఒకదానికొకటి సవతులన్న మన నమ్మకానికి ఆధారం లేదని మాత్రం ఆ ఫలితం చెబుతోంది. అసలు ఆ నమ్మకాన్ని డాక్టర్ల విషయంలోనో కలెక్టర్ల విషయంలోనో ఎవరూ ఎందుకు ముందుకు తేరో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

చట్టం ముందు ఈ స్త్రీలు ఎవరన్న ప్రశ్న రెండుసార్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి రెండు వైపులా తేలింది. 2006 నాటి అమీర్‌బీ కేసులో, ఈ పోస్టులు ఒక పథకం కింద పుట్టినవే తప్ప రాజ్యాంగం చెప్పే ప్రభుత్వోద్యోగాలు కావని కోర్టు అంది. ఉద్యోగులు కారన్న వాదనకు ఆనాటి నుంచి అదే కవచం. 2022 ఏప్రిల్ 25న మణిబెన్ కేసులో మాత్రం, జస్టిస్ అజయ్ రస్తోగి, జస్టిస్ అభయ్ ఓకాల ధర్మాసనం ఆ కవచానికి ఒక పక్క బీట తీసింది. గౌరవ వేతనం అన్న పేరు పెట్టినంత మాత్రాన అది వేతనం కాకుండా పోదని, 1972 నాటి గ్రాట్యుటీ చట్టం కార్యకర్తలకూ ఆయాలకూ వర్తిస్తుందని తీర్పు వచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టం తర్వాత అంగన్‌వాడీ చేసేది పథకపు పని కాక చట్టబద్ధ విధి అయిందన్నది ఆ తీర్పులోని కీలకమైన తర్కం. దీనికి చాలా ముందే, 2013లో 45వ భారత కార్మిక సదస్సు పథక కార్యకర్తలను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫార్సు చేసి ఉంది.

తీర్పు ప్రకారం చేతికి ఎంత రావాలో చూద్దాం. ఆ చట్టం లెక్క సులువు: చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, చేసిన ఏళ్లతో హెచ్చించడమే. 11,500 మీద ముప్పై ఏళ్లకు 1,99,038 రూపాయలు వస్తాయి. 42 రోజుల సమ్మె తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో కార్యకర్తకు పదవీ విరమణ ప్రయోజనంగా ఒప్పుకున్నది 1,20,000, ఆయాకు 60,000. తెలంగాణలో 13,650 మీద ముప్పై ఏళ్లకు 2,36,250 రావాలి; 2024లో అక్కడ ప్రకటించినది టీచరుకు రెండు లక్షలు, ఆయాకు లక్ష. ప్రకటించిన మొత్తాలు పూర్వం ఇచ్చిన దానికంటే ఎక్కువే, కాదనను. కానీ దాన్ని దయగా ఇవ్వడానికీ, చట్టం లెక్కకట్టి చేతిలో పెట్టడానికీ తేడా ఉంది. మొదటిదాని కోసం ప్రతిసారీ రోడ్డెక్కాలి.

పూర్తిగా పర్మినెంట్ చేసేస్తే అన్నీ చక్కబడతాయని కార్మిక సంఘాలు అంటాయి. నేను సగమే ఒప్పుకుంటాను. కనీస వేతనం, కరవు భత్యంతో ముడిపడిన ఏటేటి పెంపు, గ్రాట్యుటీ, జీతంతో ప్రసూతి సెలవు మీద చర్చే అక్కర్లేదు. అవి ఇవ్వకపోవడం పొదుపు కాదు, పేద స్త్రీల చేత పథకానికి సబ్సిడీ ఇప్పించడం. కానీ పర్మినెంట్ అయితే బదిలీలు వస్తాయి, జోన్లు వస్తాయి, జిల్లా పోటీ పరీక్షలు వస్తాయి. ఊరి కోడలి స్థానంలో నలభై కిలోమీటర్ల అవతలి నుంచి బస్సులో దిగి, నాలుగింటి బస్సుకు వెళ్లిపోయే ఉద్యోగిని వస్తుంది. ఆమె మంచి టీచరు కావచ్చు గానీ ముసలమ్మ ముఖాన్ని చూసి ఏ ఇంటి సరుకో చెప్పలేదు. ఉద్యోగ భద్రత ఇస్తూనే పోస్టును ఊరికి కట్టి ఉంచడం ఎలాగన్నది సంఘాలూ ప్రభుత్వమూ కూర్చుని తేల్చుకోవాల్సిన అసలు ప్రశ్న. దాని మీద ఇంతవరకు ఎవరూ నోరు విప్పింది లేదు, ఎందుకంటే ఒకరికి అది రాయితీలా, మరొకరికి అది ఖర్చులా కనిపిస్తుంది.

ఈలోగా కాలం తన పని తాను చేసుకుపోతోంది. ఎనభైల చివర, తొంభైల్లో చేరిన తరం ఇప్పుడు విరమణ వయసు దాటుతోంది. తెలంగాణలో 65 నిండినవారిని ఇంటికి పంపడం మొదలయ్యాక ఖాళీల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. విరమణ తేదీ ప్రభుత్వానికి ముప్పై ఏళ్ల ముందే తెలుసు. అయినా వెళ్లే మనిషికీ వచ్చే మనిషికీ మధ్య ఒక్క నెలైనా కలిసి పనిచేసే వీలు ఎక్కడా కల్పించలేదు. వెళ్లే టీచరు నెలాఖరున స్టాకు లెక్క అప్పజెప్పి, కాటా, ఫోను, గదుల తాళంచెవులు సూపర్‌వైజర్ చేతిలో పెడుతుంది. పక్క సెంటరు టీచరుకు ఇన్‌చార్జి వేస్తారు. ఆమె తన సెంటరులో పిల్లలకు వడ్డించాక, మధ్యాహ్నం వచ్చి ఈ తాళం తీస్తుంది.